మీట లేని పిస్తోలు

ట్రాపాని,
ఫిబ్రవరి 1983

ఎర్సీలియా అక్కకు,

రొక్కోని నిన్న మట్టిచేశాం. రెండేళ్ళు ఒకే కారులో నా పక్కన కూర్చున్నవాడు. ఆ రోజు నాకు సెలవు. వాడు కాపలా కాస్తున్న లాయరు గారి ఇంటి ముందు ముఠావాళ్ళు నలుగురు దిగారట. లాయరు గారు బతికారు. రొక్కో దొరికినప్పుడు పిస్తోలు చేతిలోనే ఉంది అక్కా. బొటనవేలు సేఫ్టీ మీట మీద ఉంది. మీట ఇంకా దిగలేదు.

ఒక్క మీట! ఎవడు పెట్టమన్నాడు దాన్ని? బల్ల ముందు కూర్చుని బొమ్మ గీసేవాడికి ఆ మీట భద్రత. రోడ్డు మీద నిలబడేవాడికి అది చావు. పైగా మాకిచ్చేది ఎనిమిది తూటాలు. వాళ్ళు నలుగురొస్తే మనిషికి రెండు చొప్పున పంచాలా?

మన లోయలో పుట్టినవాళ్ళంతా తుపాకులు చేస్తూ పోయినవాళ్ళే కదా. నువ్వు ఫ్యాక్టరీలో బొమ్మలు గీస్తున్నావు. తీయగానే పేలేది, తూటాలు ఎక్కువ పట్టేది, అయినా చేతిలో ఇమిడేది ఒకటి ఎందుకు గీయవు?

వచ్చే నెల నుంచి నన్ను జడ్జి మల్తేసే గారికి కాపలాగా వేశారు. మంచాయన, నోటి దురుసు ఎక్కువ. నేను గార్డోనే నుంచి వచ్చానని తెలిసి, "ఏమయ్యా, మీ ఊళ్ళో పిల్లలకి బాప్తిస్మానికి పిస్తోలు బహుమానం ఇస్తారటగా?" అన్నాడు. "లేదండీ, అప్పుడు గొట్టం మాత్రమే ఇస్తారు. మిగతాది పెళ్ళికి," అన్నాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. రొక్కో వేలు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

నీ తమ్ముడు
జెర్వాజియో

•

గార్డోనే,
జూన్ 1983

ఒరే జెర్వాజియో,

జవాబు ఆలస్యమైందని అలిగి ఉంటావు. ఉత్తరం రాయడానికి కూర్చుంటే చెయ్యి బొమ్మ గీస్తోంది, ఏం చెయ్యను!

నీ ఉత్తరం తీసుకెళ్ళి యజమాని అటీలియో గారికి చదివి వినిపించాను. రొక్కో వేలి సంగతి దగ్గర ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, "మీట లేకపోతే జేబులోనే పేలి చస్తాడు కదమ్మా?" అన్నాడు.

"మొదటి నొక్కు బరువుగా ఉంటుందండీ. పొరపాటున వేలు తగిలితే కదలదు. కావాలని నొక్కితేనే కదులుతుంది," అన్నాను.

"మరి నువ్వు గీసిన ముప్ఫై తూటాలు ఎక్కడ పెడతావు? పిడి కిందికి మోకాలి దాకా వేలాడుతుంది."

అసలు చిక్కంతా అక్కడేరా. పిడిలో దూరే ఆ తూటాల పెట్టెలో మామూలుగా ఒక వరసో రెండు వరసలో పేరుస్తారు. నేను నాలుగు వరసలు పేర్చాను. సినిమా విడిచాక తలుపు దగ్గర జనాన్ని చూశావుగా? నలుగురు నలుగురుగా వచ్చినవాళ్ళు ఇద్దరిద్దరై, చివరికి ఒక్కొక్కరుగా బయటపడాలి. ఎవరూ ఎవరినీ తొక్కకూడదు. వెనక నుంచి నెట్టేది ఒక్క స్ప్రింగు. దానికి ఓపిక ఉన్నంతవరకే ఆ పెట్టెకు ప్రాణం.

ముందు చెక్కతో చేశాను. లావుగా, పొట్టిగా ఉంది. మేస్త్రీ బత్తిస్తా చేతిలోకి తీసుకుని, "ఏం పిల్లా, రొట్టెముక్కకి ట్రిగ్గరు తగిలించావా?" అన్నాడు. అందరూ నవ్వారు. రెండు నెలల తర్వాత ఉక్కుతో చేసి అదే మనిషి చేతిలో పెట్టాను. పేల్చి చూసి ఏమీ అనకుండా టోపీ సర్దుకున్నాడు. మన లోయలో దానికి మించిన పొగడ్త లేదని నీకు తెలుసు.

ఇరవై ఏళ్ళుగా ఇతరులు గీసిన బొమ్మలకు శుభ్రంగా ప్రతులు తీసినదాన్ని. ఇది నాది. తప్పో ఒప్పో, ఇంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. రొక్కో చావు మీద నిలబడి సంతోషిస్తున్నానని అప్పుడప్పుడూ కలుక్కుమంటుంది. అప్పుడు మళ్ళీ పెన్సిలు పడతాను.

అక్క

•

ట్రాపాని,
జులై 1984

అక్కా,

వచ్చింది! ప్రభుత్వం పరీక్షకు తీసుకున్న వాటిలో ఒకటి పోయిన నెల మా దళానికి పంపారు. "మా అక్క గీసింది, నాకు ఇవ్వకపోతే ఊరుకోను," అని మా అధికారితో దెబ్బలాడి నేనే పుచ్చుకున్నాను.

జడ్జిగారికి చూపిస్తే ముక్కు చిట్లించాడు. "ఇంత వికారంగా ఉందేమిటయ్యా? కప్ప బోర్లాపడుకున్నట్టుంది." వాళ్ళావిడ ఆగతా గారు వంటింట్లోంచి, "అందంగా ఉండటానికి అదేమన్నా పెళ్ళికూతురా? పని చేస్తే చాలు," అని కేకేసింది. ఆదివారం మా కాపలావాళ్ళకు కూడా గోధుమరవ్వతో చేపల కుస్కుస్ వండిపెడుతుంది మహాతల్లి. కారులోకి పళ్ళెం పంపదు. లోపలికి పిలిచి బల్ల దగ్గర కూర్చోబెడుతుంది.

ఒక్క మాట. నిన్న కాల్చే మైదానంలో మొదటి పెట్టె బాగా వెళ్ళింది. నెల రోజులు నింపే ఉంచిన రెండో పెట్టె మాత్రం మధ్యలో ఆగింది. కింద ఒక తట్టు తట్టాను, మళ్ళీ పేలింది. ఇక్కడ సముద్రం దాటి వచ్చే సిరొక్కో వేడిగాలికి ఉప్పు, ఇసుక అన్నిట్లోకీ దూరతాయి. దానివల్లే అయివుంటుంది కదూ?

జెర్వాజియో

•

గార్డోనే,
సెప్టెంబరు 1984

జెర్వాజియో,

పిస్తోలు అందినందుకు సంతోషం. ఉప్పుగాలి అన్నావు కాబట్టి తరచు తుడుస్తూ ఉండు. పెట్టెను పూర్తిగా నింపకు, కొన్ని తక్కువే పెట్టు. వారానికోసారి ఖాళీచేసి మళ్ళీ నింపు. పెద్ద విషయమేమీ కాదు, కొత్త వస్తువుకు కాస్త జాగ్రత్త, అంతే.

ఇక్కడ వర్షాలు మొదలయ్యాయి. మెల్లా నది మట్టి రంగు తిరిగింది. పక్కింటి వాళ్ళు మొన్న మాంసం ముక్కలు చువ్వకు గుచ్చి స్పియెదో కాల్చి నాకూ ఇంత పంపారు. నీకు ఇష్టమని గుర్తొచ్చింది. తిండి సరిగా తింటున్నావా? పెళ్ళి మాట ఎత్తితే ఉత్తరం రాయడం మానేస్తావని ఎత్తడం లేదు.

చెప్పినట్టు తప్పకుండా ఖాళీచేసి నింపు. మరచిపోకు.

అక్క

•

ట్రాపాని,
మార్చి 1985

అక్కా,

జడ్జిగారిని చంపేశారు. మంగళవారం పొద్దున్న, రొట్టెల దుకాణం ముందు. పేపర్లో చూసే ఉంటావు. నాకేం కాలేదు.

పిస్తోలు పేలలేదు. ఇరుక్కుపోయింది. అలాగే వాంగ్మూలం ఇచ్చాను.

ఇంకేమీ అడగకు.

జె.

•

గార్డోనే,
మార్చి 1985

నా తండ్రీ,

నువ్వు బతికావు. ఆ ఒక్కటీ చదివి మోకాళ్ళ మీద కూలబడ్డాను. తర్వాతి వాక్యం చదివాక ఇంతవరకు లేవలేదనే అనుకో.

నీకు నిజం చెప్పాలి. నీ జులై ఉత్తరం వచ్చేనాటికే నాకు తెలుసు. అంతకు ముందు నుంచే తెలుసు. పెట్టెను నిండుగా ఉంచితే వారాలు గడిచేకొద్దీ స్ప్రింగు అలిసిపోతుంది. నాలుగు వరసలు ఒకటిగా మారే చోట తూటా అడ్డం పడుతుంది. అటీలియో గారికి చెప్పాను. "ఇప్పుడు వెనక్కి పిలిపిస్తే ప్రభుత్వం మళ్ళీ మన గుమ్మం తొక్కదు. ఆర్డరు రానీ, అప్పుడు మార్చేద్దాం," అన్నాడు. నేను తల ఊపాను. ఆయన బలవంతపెట్టలేదు. నా పిస్తోలుకు చెడ్డపేరు వస్తుందని నాకే భయం వేసింది.

నీకు మాత్రం తుడవమని, ఖాళీచేసి నింపమని రాశాను. పెద్ద విషయం కాదని రాశాను! సొంత తమ్ముడికి. మీట పెట్టినవాణ్ణి నువ్వు తిట్టావు గుర్తుందా? వాడు తెలియక పెట్టాడు. నేను తెలిసి పంపాను.

ఆ ఆగతా గారు నా పిస్తోలును చూసి పని చేస్తే చాలు అంది. ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. ఆవిడ ఇంట్లో తిన్న మెతుకు నీ ఒంట్లో ఉంది, ఆవిడ మొగుడి నెత్తురు నా చేతికి ఉంది.

విచారణాధికారి పిస్తోలును పరీక్షించడానికి ఫ్యాక్టరీ నుంచి మనిషిని పంపమని అడిగారు. రోముకు నేనే వెళ్తున్నాను. అక్కడే అంతా చెప్పేస్తాను.

అక్క

•

ట్రాపాని,
ఏప్రిల్ 1985

అక్కా,

నువ్వు వెళ్ళకు. ఇంకెవరినైనా పంపమను. జ్వరమని చెప్పు.

నిన్ను నువ్వు ఎందుకు చంపుకుంటావు? ఎన్ని తుపాకులు ఆగిపోవడం లేదు? జరిగింది జరిగిపోయింది. నీ ఉద్యోగం పోతే ఆయన లేచి వస్తాడా? స్ప్రింగు సంగతి ఎవరికీ చెప్పకు. పాత ఉత్తరాల్లో ఏం రాశావో నేను మరచిపోయాను, నువ్వూ మరచిపో.

ఆగతా గారు ఆదివారం మమ్మల్ని మళ్ళీ పిలిచింది. నేను వెళ్ళలేదు. వంట్లో బాగాలేదని చెప్పమన్నాను. తర్వాత మావాళ్ళ చేత నిమ్మకాయలు పంపింది. వాటిని కోయలేదు, పారెయ్యలేదు. కిటికీలో ఉన్నాయి.

దండం పెడతాను, నువ్వు వెళ్ళకు.

జెర్వాజియో

•

రోము,
ఏప్రిల్ 1985

జెర్వాజియో,

నీ ఉత్తరం బయల్దేరే ముందే అందింది. అయినా వచ్చాను. చర్చి పక్క చిన్న హోటల్లో కూర్చుని రాస్తున్నాను.

ఒక అధికారి ఎదుట సీలు విప్పి పిస్తోలు నా చేతికిచ్చారు. ముందు నేను అనుకున్నదాని కోసమే చూశాను. అడ్డం పడిన తూటా కోసం వెతికాను. లేదు. తూటాలన్నీ ఉన్నాయి. మొదటిది పేలడానికి సిద్ధంగా తన చోట ఉంది. గొట్టంలో పొగమసి లేదు. నొక్కితే తూటా వెనక సూది పొడవాలి, ఆ గుర్తూ లేదు. నాన్న తను చేసిన గొట్టాన్ని కంటికి ఆనించి వెలుతురు చూసేవాడే, అలా మళ్ళీ మళ్ళీ చూశాను.

తర్వాత నన్నే పేల్చి చూడమన్నారు. మొదటి నొక్కుకే పేలింది. వరసగా పేలుతూ పోయి సగం దాకా వచ్చాక, నేను భయపడినట్టే, ఆగిపోయింది.

"చూశారా, ఆగింది," అన్నాడు ఆ అధికారి ఎంతో తృప్తిగా. "మీ తమ్ముడు చెప్పింది నిజమేనన్నమాట. అదే రాసి ఇవ్వండి."

నేను అబద్ధం ఒక్క ముక్క కూడా రాయనక్కర్లేదురా. "ఆగిపోయే దోషం ఉంది" అని రాస్తే చాలు. అది నిజం. నేను చేసిన తప్పుకు నాకు శిక్ష పడుతుంది, నీ మీద మాట రాదు. ఒక నిమిషం ఆ కలం ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

సోమవారం రాసిస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. నేను నిన్ను ఏమీ అడగడం లేదు. నీ అంతట నువ్వు చెప్తే వింటాను. సోమవారం దాకా ఇక్కడే ఉంటాను.

అక్క

•

ట్రాపాని,
ఏప్రిల్ 1985

అక్కా,

రోము బండికి వెళ్ళే స్నేహితుడి చేత పంపుతున్నాను. చింపెయ్యకుండా చివరిదాకా చదువు.

పిస్తోలు సిద్ధంగానే ఉంది. సిద్ధంగా లేనిది నేను.

జడ్జిగారు రొట్టె కొనుక్కుని బయటికి వస్తున్నారు. కాగితం పొట్లంలోంచి అంచు విరిచి నోట్లో వేసుకుంటూ నాతో ఏదో అనబోయారు. స్కూటరు వచ్చి ఆగింది. ఇద్దరు కుర్రాళ్ళు. వెనకవాడు కోటులోంచి తుపాకీ తీశాడు. నేను చూశాను అక్కా, అందరికంటే ముందు చూశాను. నా చెయ్యి పిడి మీదికి వెళ్ళింది, పిస్తోలు బయటికి వచ్చింది. మీట లేదు, అడ్డం లేదు, నొక్కితే చాలు. రొక్కో కోసమని నేను అడిగినవన్నీ నా చేతిలో ఉన్నాయి. వేలు కదల్లేదు. కాళ్ళు కదిలాయి. కారు చాటున నక్కి కూర్చున్నాను. అక్కడ నుంచి అంతా చూశాను.

మా అధికారి పరుగెత్తుకొచ్చి నా చేతిలో పిస్తోలు చూసి, "ఏమైంది, ఇరుక్కుందా?" అన్నాడు. ఆ మాట ఆయనే అందించాడు. నేను తల ఊపాను. తర్వాత కాగితం మీద పెట్టమంటే పెట్టాను. "ఇరుక్కున్న పిస్తోలును తల వంచి లాగుతున్నాను, ముఖాలు చూడలేదు," అని సంతకం చేశాను.

నువ్వు మోకాళ్ళ మీద కూలబడ్డానని రాసినప్పుడు నేను ఏం చేశానో తెలుసా? ఊపిరి పీల్చుకున్నాను. నిజంగానే దోషం ఉందట, ఇక నన్నెవరూ పట్టుకోలేరు అనుకున్నాను. నిన్ను అలా ఏడవనిచ్చాను. జడ్జిగారిని వదిలి పారిపోవడానికి భయం ఒక కారణం. నీ దగ్గర చేసిన దానికి ఏ కారణమూ లేదు.

ఇంకా చెడ్డది ఇది. స్కూటరు మీద వెనక కూర్చున్నవాడి ముఖం నాకు తెలుసు. చేపల బజారు దగ్గర పది సార్లు చూసినవాడు. ముఖాలు చూడలేదని సంతకం చేశాను కాబట్టి వాడు ఇప్పటికీ అక్కడే కాఫీ తాగుతున్నాడు. నిన్న నన్ను చూసి తల పంకించాడు.

నీకు ఏది తోస్తే అది రాసివ్వు.

జెర్వాజియో

•

రోము,
సోమవారం

జెర్వాజియో,

చింపలేదు. రెండుసార్లు చదివాను.

మొదట నీ మీద కోపం వచ్చింది. చెప్పుతో కొట్టాలన్నంత కోపం. నా చేత అన్ని రోజులు అన్నం మాన్పించావు కదరా! తర్వాత తోచింది: నేను చెప్పకపోవడానికి ఏ స్కూటరూ రాలేదు, ఎవరూ తుపాకీ తీయలేదు. తీరిగ్గా కుర్చీలో కూర్చుని, వేడి కాఫీ పక్కన పెట్టుకుని నీకు అబద్ధం రాశాను. నువ్వు ఒక్క క్షణం పిరికివాడివి. నేను నెలల తరబడి పిరికిదాన్ని.

రిపోర్టు రాసి ఇచ్చేశాను. పిస్తోలు మొదటి నొక్కుకే పేలుతుంది అని రాశాను. నింపి ఉంచితే మధ్యలో ఆగే దోషం ఉంది అని రాశాను. ఆ దోషం గీసినదానికి తెలుసు, తెలిసీ దాచింది అని కూడా రాశాను. అధికారి ముఖం మాడిపోయింది. "ఇది మీ తమ్ముణ్ణి ముంచుతుందని తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను.

నిన్ను నేను కాపాడలేదు. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. కాగితం ఎల్లుండికి అక్కడ చేరుతుంది. అది నీ కంటే ముందు వెళ్ళకూడదు. ఇది నీ స్నేహితుడి చేతే ఈ రాత్రి బండికి పంపుతున్నాను, అందగానే లేచి వెళ్ళు. వాడి పేరు చెప్పు.

జాగ్రత్తగా ఉండు. ఒంటరిగా నడవకు.

అక్క

•

ట్రాపాని,
జూన్ 1985

అక్కా,

చెప్పాను. కాగితం కంటే ముందే వెళ్ళాను.

ఇన్నాళ్ళూ రాయలేదు, ఎందుకంటే నన్ను బ్యారక్ గదిలో ఉంచారు. వాణ్ణి పట్టుకున్నారు. నన్ను అద్దం వెనక నిలబెట్టి వాణ్ణి చూపించమన్నారు. వేలు పెట్టి చూపించాను. ఆ రోజు కదలని వేలు అదే. వాడు నోరు విప్పాడు. ఇంకో ఇద్దరు దొరికారు. నా ఉద్యోగం పోయింది. అబద్ధపు సంతకానికి కేసు నడుస్తుంది. మావాళ్ళు నేను గదిలోకి వస్తే మాట్లాడటం ఆపేస్తున్నారు. రొక్కో తమ్ముడు ఒక్కడే వచ్చి, "మా అన్నయ్య అయితే నొక్కేవాడు," అని చెప్పి వెళ్ళాడు. అవుననే అన్నాను.

ఆగతా గారి దగ్గరికి నేనే వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాను. నీ రిపోర్టు ఆవిడకు ముందే చదివి వినిపించారట. కూర్చోమనలేదు. పొమ్మనలేదు. చివరికి, "నువ్వూ నిజం చెప్పావు, మీ అక్కా చెప్పింది. ఇద్దరికీ కృతజ్ఞత చెప్పాలని ఉంది నాయనా, నోరు రావడం లేదు," అంది. తలుపు వెయ్యబోతూ ఆగి, "ఆయన బతికుండగా చెప్పాల్సిన నిజాలు కదా అవి," అంది.

నేను భయపడుతున్నానని ఒక్కసారి, ముందే చెప్పి ఉంటే జడ్జిగారు నన్ను వేరే పనికి మార్పించి ఉండేవారు. నవ్వి ఊరుకునేవారు.

నాకిప్పుడు ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు.

జెర్వాజియో

•

గార్డోనే,
జూన్ 1985

జెర్వాజియో,

ఆవిడ అన్నది నాకూ చెందుతుంది. ముందు నాకే చెందుతుంది. దాన్ని చిన్నది చేసి నీకు ఓదార్పు చెప్పను.

ఇక్కడి సంగతి. ఫ్యాక్టరీలో నా బల్ల తీసేశారు. పరీక్షకు పంపిన పిస్తోళ్ళన్నీ వెనక్కి వచ్చాయి. అటీలియో గారు స్ప్రింగు మార్పించాడు. ఎలా మార్చాలో నేనే గీసి ఇచ్చి బయటికి వచ్చాను. ఇప్పుడు ఆగడం లేదట, కడదాకా పేలుతోందట. విదేశాల నుంచి అడుగుతున్నారని బత్తిస్తా చెప్పాడు. ఎవరు కొంటారో, ఎవరి మీదికి తిప్పుతారో నాకు తెలియదు. అది బాగా పని చేస్తోందని విన్నప్పుడు ఒక్క క్షణం నాలో గర్వం కదిలింది. నీకు తప్ప ఇంకెవరికీ ఇది చెప్పుకోలేను.

లూమెత్సానేలో కుళాయిలు చేసే చోట పని దొరికింది. లోయలో నన్ను చూసి చాలామంది పక్కకు తిరిగి పోతున్నారు. లోయ పరువు తీశానట. నిన్ను చూసినా పోతారు.

నువ్వు ఇక్కడికే రా. కేసు పిలిచినప్పుడు వెళ్ళొద్దువు గాని. ఒక్క మాట ముందే చెప్తున్నాను, మళ్ళీ దాచానని అనకు. నిన్ను చూడగానే నేను మామూలుగా మాట్లాడలేకపోవచ్చు. నువ్వూ నా ముఖం సూటిగా చూడలేకపోవచ్చు. కొన్నాళ్ళు ఇద్దరం గోడ వైపు చూస్తూ మొక్కజొన్న పొలెంటా తినాల్సి వస్తుంది.

అయినా బండి ఎప్పుడో రాయి. స్టేషనుకు వస్తాను.

అక్క